ఫిష్‌ఫైండర్ జీపీఎస్: లోపలి యాంటెన్నా ఎక్కడ చాలు, ఎక్కడ చాలదు

ఒడిశాలోని గంజాం తీరంలో ఫిష్‌ఫైండర్ (శబ్దంతో చేపల్నీ లోతునూ చూపుతూ, జీపీఎస్‌తో చోటు గుర్తుపెట్టే సెట్టు) కొనబోయే బోటు యజమానికి దుకాణంలో తరచూ వినిపించే మాట ఒకటుంది: ‘‘బయటి యాంటెన్నా కూడా తీసుకోండి, పాయింట్ ఖచ్చితంగా వస్తుంది.’’ ఆ మాట సగమే నిజం. గోపాల్‌పూర్, ఆర్యపల్లి, మార్కండి, సోనాపూర్ లాంటి చోట్ల తెలుగు కుటుంబాలు నడిపే ఫైబర్ బోట్లలో చాలావాటికి పైకప్పే ఉండదు. నెత్తిన ఆకాశమే ఉన్నప్పుడు, సెట్టు పెట్టెలో ఉన్న యాంటెన్నాకూ గొట్టం మీద బిగించిన యాంటెన్నాకూ కనిపించే ఉపగ్రహాలు అవే. రేకు కప్పిన వీల్‌హౌస్ (బోటు నడిపే గది) ఉన్న మరబోట్ల సంగతి వేరు. అక్కడ లోపలి యాంటెన్నాతో నెట్టుకురావడం కష్టం. అందుకే లోపలిదా బయటిదా అనే ముందు, యాంటెన్నా కూర్చోబోయే చోటు నుంచి ఆకాశం ఎంత కనిపిస్తుందో, మధ్యలో ఏం అడ్డుందో చూసుకోవాలి. ఖచ్చితత్వం కోసమే అయితే డబ్బు చాలాసార్లు వృథా.

బయటి యాంటెన్నాలు ఒకటి కాదు, రెండు రకాలు

లోపలి యాంటెన్నా అంటే సెట్టు పైభాగంలో పడుకోబెట్టిన పింగాణీ బిళ్ల. సాధారణంగా అంగుళం చదరం ఉంటుంది. దాని వెనకే రిసీవర్ చిప్ ఉంటుంది. బిళ్ల ముఖం ఆకాశం వైపు ఉండాలి. కాబట్టి సెట్టును తలకిందులుగా వేలాడదీసినా, బాగా వెనక్కి వాల్చి బిగించినా ఆ మేరకు సిగ్నల్ తగ్గుతుంది.

బయటిది అనగానే అందరూ ఒకే వస్తువు అనుకుంటారు. మొదటి రకంలో బిళ్ల, సిగ్నల్ పెంచే చిన్న యాంప్లిఫయర్ మాత్రమే ఉంటాయి. రిసీవర్ సెట్టులోనే ఉంటుంది. మధ్యలో కోయాక్సియల్ కేబుల్ నడుస్తుంది, యాంప్లిఫయర్‌కు కరెంటు కూడా ఆ కేబుల్‌లోంచే వెళ్తుంది. రెండో రకంలో రిసీవర్ కూడా పుట్టగొడుగు ఆకారపు గుల్లలోనే ఉంటుంది. లెక్క అక్కడే జరిగిపోతుంది, సెట్టుకు వచ్చేది తయారైన అంకెలే. అవి ఎన్‌ఎంఈఏ 0183 తీగల మీదో, ఎన్‌ఎంఈఏ 2000 వెన్నుకేబుల్ మీదో వస్తాయి (పడవ పరికరాలు ఒకదానికొకటి డేటా పంపుకునే పద్ధతులివి). గార్మిన్ జీపీఎస్ 19ఎక్స్, లోరెన్స్ పాయింట్-1 ఈ రెండో కోవలోవి.

ఈ తేడా తెలియక డబ్బు పోయే తీరు ఒకటే. సెట్టు వెనక కోయాక్సియల్ సాకెట్ లేకుండానే మొదటి రకం కొంటారు. చవక ఫిష్‌ఫైండర్లలో చాలావాటికి ఆ సాకెట్ ఉండదు, కొన్నింటికి ఎన్‌ఎంఈఏ తీగలు కూడా బయటికి రావు. అలాంటి సెట్టుకు ప్రపంచంలో ఏ యాంటెన్నా తగిలించలేం. కొనే ముందు సెట్టు వెనక ఉన్న పిన్నులు లెక్కపెట్టి, మాన్యువల్‌లో కేబుల్ బొమ్మ చూసుకోవాలి.

ఇంకో పొరపాటు మొదటి రకంలో కేబుల్ పొడవుగా ఉందని కోసి అతకడం. సన్నటి ఆర్‌జీ-174 కేబుల్‌లో జీపీఎస్ సిగ్నల్ మీటరుకు ఒక డెసిబెల్‌కు పైగా పోతుంది, ఆర్‌జీ-58 అయితే కొంత నయం. కోసి మెలితిప్పి టేపు చుట్టిన అతుకు దగ్గర పోయేదానికి లెక్కే లేదు. పైగా ఉప్పుగాలికి రాగి అల్లిక పచ్చబడి, కొంత కాలానికే లోపలి యాంప్లిఫయర్‌కు కరెంటు అందదు. మిగిలిన కేబుల్‌ను వెడల్పాటి చుట్టగా చుట్టి కట్టేయడమే మంచిది. రెండో రకంలో వచ్చేది డేటా కాబట్టి అక్కడ తీగ తగ్గించుకున్నా నష్టం లేదు.

ఏది అడ్డు, ఏది కాదు

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కి.మీ. ఎత్తున తిరుగుతాయి. అవి పంపే ప్రధాన సిగ్నల్ 1575.42 మెగాహెర్ట్జ్, అంటే తరంగం పొడవు 19 సెం.మీ. బోటు దాకా వచ్చేసరికి దాని బలం మైనస్ 130 డీబీఎం దరిదాపుల్లో ఉంటుంది. అంత బలహీనమైన సిగ్నల్‌కు చిన్న అడ్డు కూడా లెక్కలోకి వస్తుంది.

ఇనుప రేకు, జీఐ షీటు, అల్యూమినియం ప్లేటు, ఇవన్నీ పూర్తిగా అడ్డమే. 19 సెం.మీ. కన్నా బాగా చిన్న కన్నాలున్న ఇనుప జాలీ కూడా ఈ తరంగానికి గోడే. ఎండకు తళతళలాడే వెండిపూత షీట్లలో అల్యూమినియం పొర ఉంటుంది, చూడటానికి ప్లాస్టిక్‌లా ఉన్నా అది రేకుతో సమానం. ఫైబర్ కప్పు పొడిగా, పలుచగా ఉంటే సిగ్నల్‌ను స్వల్పంగానే తగ్గిస్తుంది. నీలం, నలుపు పాలిథీన్ పట్టాలు పొడిగా ఉంటే అసలు అడ్డే కాదు.

తడిస్తే కథ మారుతుంది. ఒక సెంటీమీటరు ఉప్పునీటి పొర దాటేసరికి ఈ సిగ్నల్ ఆరో వంతు కన్నా తక్కువకు పడిపోతుంది. సెట్టు మీద కప్పిన పట్టా మడతల్లో నీళ్లు నిలిచినా, సెట్టు పక్కన తడి వల గుట్టగా పోసినా జరిగేది అదే. మనిషి ఒళ్లూ ఎక్కువ నీరే. చుక్కాని దగ్గర ఇద్దరు సెట్టు మీదికి వంగి తెర చూస్తుంటే ఆకాశంలో ఒక పక్క మూసుకుపోయినట్టే. వల లాగే సమయంలో ఉపగ్రహాల సంఖ్య తగ్గి, ఒడ్డుకొచ్చాక ‘బాగానే ఉందే’ అనిపించడానికి మామూలు కారణం ఇదే. సెట్టును ఒక జానెడు ఎత్తున బిగించి, పైన ఏమీ పడకుండా చూసుకుంటే కొత్త యాంటెన్నా అక్కర్లేకుండానే ఈ జబ్బు తగ్గుతుంది.

వీల్‌హౌస్ లోపల పెట్టిన సెట్టు విషయం ఇంకొంచెం మోసకారిది. పైన రేకు ఉన్నా అద్దాల కిటికీల్లోంచి కొన్ని ఉపగ్రహాలు దొరుకుతాయి, తెర మీద పొజిషన్ వస్తుంది. కానీ దొరికినవన్నీ ఒకే పక్కన, దిగంతానికి దగ్గరగా ఉంటాయి. అప్పుడు హెచ్‌డీఓపీ అనే అంకె (ఉపగ్రహాలు ఆకాశంలో ఎంత బాగా పరుచుకున్నాయో చెప్పేది, తక్కువైతే మంచిది) 1 దగ్గర ఉండాల్సింది 3కో 4కో ఎగబాకుతుంది, పొజిషన్ తప్పూ దాదాపు అన్ని రెట్లవుతుంది. బోటు తిరిగిన ప్రతిసారీ కిటికీకి ఎదురుగా వేరే ఉపగ్రహాలు వస్తాయి, తెర మీద బోటు పక్కకు దూకుతుంది. పొజిషన్ వస్తోంది కదా అని సరంగు దాన్ని నమ్ముతాడు. అసలు రాకపోవడం కన్నా ఇదే ప్రమాదం.

ఖచ్చితత్వం లెక్క

బయటి యాంటెన్నా అమ్మేవాళ్లు పట్టుకునే ఆశ ‘మీటరు తేడా కూడా రాదు’ అన్నది. నీళ్లలో ఆ మీటరుకు విలువెంతో చూద్దాం.

ఆకాశం తెరిపిగా ఉంటే మామూలు రిసీవర్ 3 నుంచి 5 మీ. లోపు పొజిషన్ ఇస్తుంది. అది లోపలిదైనా బయటిదైనా ఒకటే. గగన్ సవరణలు అందితే ఇంకా మెరుగు. గగన్ అంటే ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి జీపీఎస్ తప్పును సరిదిద్దడానికి విమానాల కోసం పెట్టిన వ్యవస్థ. జీశాట్-8, జీశాట్-10, జీశాట్-15 ఉపగ్రహాల నుంచి సవరణలు ప్రసారమవుతాయి. జీశాట్-10 ఉన్న 83 డిగ్రీల తూర్పు రేఖాంశం గంజాం తీరానికి దాదాపు నిట్టనిలువుగా దక్షిణంలో ఉంటుంది. ఇక్కణ్నుంచి చూస్తే ఆ ఉపగ్రహం 67 డిగ్రీల ఎత్తున కనిపించే దిశలో ఉంటుంది. పైకప్పు లేని బోటులో దానికి అడ్డు వచ్చేదే లేదు. చేయాల్సిందల్లా సెట్టింగుల్లో ఎస్‌బీఏఎస్ లేదా డబ్ల్యూఏఏఎస్ (ఇలాంటి సవరణ వ్యవస్థలకు వాడే పేర్లు) అని ఉన్నదాన్ని ఆన్ చేయడం. చాలా సెట్లలో అది ఆఫ్‌లోనే ఉండిపోతుంది. గగన్‌ను గుర్తించని సెట్లూ ఉన్నాయి కాబట్టి, ఆన్ చేశాక ఉపగ్రహాల పేజీలో 127, 128, 132 నంబర్లలో ఏదైనా కనిపిస్తోందా అని చూడాలి.

ఇప్పుడు కిందికి చూద్దాం. ట్రాన్స్‌డ్యూసర్ (నీళ్లలోకి శబ్దం పంపి, ప్రతిధ్వని అందుకునే భాగం) పంపే శబ్దం గరాటు ఆకారంలో విచ్చుకుంటూ దిగుతుంది. 200 కిలోహెర్ట్జ్ దగ్గర గరాటు కోణం 20 డిగ్రీలు అనుకుంటే, 30 మీ. లోతున అది నేల మీద 10 మీటర్లకు పైగా వెడల్పున పడుతుంది, 60 మీ. లోతున 21 మీ. అదే 83 కిలోహెర్ట్జ్, 60 డిగ్రీల గరాటైతే 30 మీటర్ల దగ్గరే సుమారు 35 మీ. తెర మీద కనిపించిన రాతిగడ్డ ఆ వలయంలో ఏ మూలనైనా ఉండొచ్చు. గరాటే 35 మీ. ఉన్నప్పుడు జీపీఎస్‌లో 2 మీ. తగ్గించడానికి డబ్బు పెట్టడం తెలివైన బేరం కాదు. వల చిక్కుకునే చోటు మార్కు చేసేటప్పుడు సన్నటి గరాటుకు మార్చి, అదే చోట రెండు వైపుల నుంచి నడిపి, రెండు మార్కుల నడిమి బిందువు తీసుకుంటే పైసా ఖర్చు లేకుండా అంతకన్నా ఎక్కువ లాభం.

దీనికి తోడు మరో తేడా ఉంది. మార్కు కొట్టినప్పుడు సెట్టు రాసుకునేది యాంటెన్నా ఉన్న చోటు, ట్రాన్స్‌డ్యూసర్ ఉన్న చోటు కాదు. ఒడ్డు బోట్లలో నడిపేవాడు వెనక కూర్చుంటాడు, సెట్టు అతని పక్కనే, ట్రాన్స్‌డ్యూసర్ వెనక చెక్క మీదే. రెండింటికీ మధ్య మీటరు తేడా ఉంటే ఎక్కువ. అదే బోటుకు బయటి యాంటెన్నా కొని ‘తెరిపిగా ఉంటుంది’ అని ముక్కు దగ్గర బిగిస్తే, 9 మీ. బోటులో 7, 8 మీటర్ల తప్పును కొనుక్కున్నట్టే. పైగా ఆ తప్పు స్థిరంగా ఒక దిక్కున ఉండదు. వెళ్లేటప్పుడు ఒక పక్క, వచ్చేటప్పుడు ఎదురు పక్క పడుతుంది. వీల్‌హౌస్ ముందు ఉండి ట్రాన్స్‌డ్యూసర్ వెనక ఉన్న మరబోట్లలోనూ ఇదే గొడవ. అక్కడ బయటి యాంటెన్నాను వీల్‌హౌస్ కప్పు మీద వెనక అంచుకు జరిపితే కొంత తగ్గుతుంది.

ఒడ్డుకు లాగే బోటు వేరు, జెట్టీకి కట్టే బోటు వేరు

గంజాం పల్లెల్లో చాలాచోట్ల రేవు లేదు. బోటు అలల్లోంచి దిగాలి, అలల్లోంచే ఎక్కాలి, ఆ తర్వాత ఇసుక మీదికి లాగాలి. బయటి యాంటెన్నా మీద తీర్పు చెప్పాల్సింది ఈ పరిస్థితే.

అల విరిగే చోట బోటు ముక్కు లేచి దబ్బున పడుతుంది. గొట్టం మీద నిలబెట్టిన యాంటెన్నా అడుగున ఉన్న ప్లాస్టిక్ మర దగ్గర విరుగుతుంది. వల లాగేటప్పుడు తాడు దానికే చుట్టుకుంటుంది. బోటు లాగే పదిమందిలో ఒకరు పట్టు కోసం దాన్నే పట్టుకుంటారు. రాత్రి ఇసుక మీద వదిలేసిన బోటులో దాన్ని కాపలా కాసేవారుండరు. లోపలి యాంటెన్నా ఉన్న సెట్టయితే రెండు మరలు విప్పి, బ్యాటరీతో పాటు ఇంటికి తీసుకెళ్లొచ్చు. విప్పదగ్గ బ్రాకెట్, మూత ఉన్న ప్లగ్గు ఈ బోట్లకు బయటి యాంటెన్నా కన్నా విలువైనవి.

సెట్టు మీద రాసి ఉండే ఐపీఎక్స్7 గుర్తును కూడా సరిగ్గా అర్థం చేసుకోవాలి. ఒక మీటరు లోతు మంచినీళ్లలో అరగంట ఉంచితే లోపలికి నీరు దిగదని దాని అర్థం. విరిగే అల ముఖాన కొట్టడం, ఉప్పు గడ్డకట్టడం ఆ పరీక్షలో లేవు. ఒడ్డుకొచ్చాక ప్లగ్గు మూత పెట్టి, మంచినీళ్లతో తడిగుడ్డ పెట్టి తుడవాలి. పైపు ధార పెట్టి కడగకూడదు.

కరెంటు లెక్క కూడా లోపలిదానికే మొగ్గుతుంది. చేత్తో తిప్పి స్టార్ట్ చేసే డీజిల్ ఇంజిను బోట్లలో ఛార్జింగు ఉండదు. 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీని ఇంటి దగ్గర ఛార్జి చేసి తెచ్చుకుంటారు. ఐదంగుళాల సెట్టు సుమారు 0.7 ఆంపియర్లు తీసుకుంటే, బ్యాటరీని సగం వరకే వాడుకుందామనుకుంటే 5 గంటలొస్తుంది. రిసీవర్ ఉన్న బయటి యాంటెన్నా ఇంకో 0.1 నుంచి 0.2 ఆంపియర్లు తాగితే గంట వరకు తగ్గుతుంది. తెల్లవారుజామున వెళ్లి మధ్యాహ్నానికి వచ్చే బోటుకు ఆ గంట కావాల్సిందే.

బయటిది నిజంగా కావాల్సిన చోట్లు

రేకు లేదా ఇనుప కప్పున్న వీల్‌హౌస్ ఉంటే చర్చే లేదు, బయటిది పెట్టాలి. ఫైబర్ వీల్‌హౌస్ అయితే ముందు పరీక్షించి చూడాలి, ఆ పద్ధతి కింద ఉంది. డీఎస్‌సీ (బటన్ నొక్కితే ఆపద సందేశం పంపే ఏర్పాటు) ఉన్న వీహెచ్‌ఎఫ్ రేడియోకు పొజిషన్ అందించాలంటే, సెట్టు నుంచి డేటా బయటికి రాని పక్షంలో ఎన్‌ఎంఈఏ యాంటెన్నా పెడితే రెండింటికీ పనికొస్తుంది. ఎర్ర బటన్ నొక్కితే పొజిషన్‌తో సహా ఆపద సందేశం వెళ్లాలంటే ఆ లంకె తప్పనిసరి.

మూడో కారణాన్ని దుకాణాల్లో ఎందుకో తక్కువ చెబుతారు. అది దిక్కు. జీపీఎస్‌కు బోటు ఎటు కదులుతోందో తెలుసుగానీ, ముక్కు ఎటుందో తెలియదు. ఇంజిను ఆపి వల వేసి ప్రవాహానికి కొట్టుకుపోతున్నప్పుడు వేగం ఒక నాటు (గంటకు 1.85 కి.మీ.) కన్నా తక్కువ. అప్పుడు తెర మీద బోటు బొమ్మ గిర్రున తిరుగుతూ ఉంటుంది, దాంతో పాటు మ్యాపూ తిరుగుతుంది. లోపలి యాంటెన్నా చెడిందని సెట్టు విప్పించేవాళ్లున్నారు. అది చెడలేదు. కదలిక పొజిషన్ తప్పులో కలిసిపోయింది, అంతే. దీనికి మందు దిక్సూచి సెన్సర్ కూడా ఉన్న యాంటెన్నా. లోరెన్స్ పాయింట్-1లోనూ, హమ్మిన్‌బర్డ్ వాళ్ల హెడింగ్ సెన్సర్ యాంటెన్నాలోనూ అది ఉంటుంది. కొట్టుకుపోతూ గాలం వేసేవాళ్లకు, వంజరం వల వేసేవాళ్లకు ఇది నిజంగా పనికొచ్చే ఖర్చు. దిక్సూచి ఉన్నదాన్ని ఇంజినుకు, స్పీకరుకు, లంగరుకు కనీసం మీటరు దూరంలో పెట్టాలి. బిగించాక నిశ్చలమైన నీళ్లలో నెమ్మదిగా వలయాలు తిప్పి కాలిబ్రేషన్ చేయాలి. ఆ పని అలల్లో చేస్తే తప్పు దిక్కే స్థిరపడుతుంది. కొట్టుకుపోయేటప్పటి గొడవ మాత్రమే ఉంటే, మ్యాపును ఉత్తరం ఎప్పుడూ పైనే ఉండే ‘నార్త్ అప్’లో పెట్టినా సగం బాధ పోతుందని ముందు గుర్తుంచుకోవాలి.

బిగించే పద్ధతి

ఎత్తు ఎక్కువైతే మంచిదన్న నమ్మకం ఇక్కడ పనిచేయదు. ఉపగ్రహం ఇరవై వేల కిలోమీటర్ల దూరాన ఉంది, నాలుగు మీటర్లు దగ్గరైతే ఒరిగేదేం లేదు. 4 మీ. కొయ్య చివర యాంటెన్నా పెడితే, బోటు చెరో పక్క 15 డిగ్రీలు ఊగినప్పుడు అది రెండు మీటర్ల మేర అటూ ఇటూ పోతుంది. ఒక ఊపు 4 సెకన్లయితే సెకనుకు మీటరు, అంటే దాదాపు 2 నాట్ల దొంగ వేగం. నాటు వేగంతో కొట్టుకుపోయే బోటులో అంత తప్పు కలిస్తే వేగం అంకెకు అర్థమే ఉండదు. చుట్టూ అడ్డు లేనంత ఎత్తు చాలు, వీల్‌హౌస్ కప్పుకు ఒక అడుగు పైన సరిపోతుంది.

పడవ యాంటెన్నాల అడుగున ఉండే మర సాధారణంగా అంగుళం వ్యాసం, అంగుళానికి 14 చుట్లు. ప్లంబింగు పైపు మరతో అది కలవదు, బలవంతంగా తిప్పితే ప్లాస్టిక్ మర అరిగిపోతుంది. ఆ మరకు తగిన స్టెయిన్‌లెస్ లేదా నైలాన్ అడుగు కొనాలి.

వీహెచ్‌ఎఫ్ యాంటెన్నాకు ఒక మీటరు దూరం పాటించాలి. 25 వాట్లతో మాట్లాడేటప్పుడు దాని హార్మోనిక్కులు (అసలు పౌనఃపున్యానికి గుణిజాలైన తరంగాలు) కూడా గాల్లోకి వెళ్తాయి. ఛానల్ 28లో బోటు పంపే 157.4 మెగాహెర్ట్జ్‌ను పదితో హెచ్చిస్తే 1574, జీపీఎస్ పక్కకే వచ్చింది. మాట్లాడినంతసేపూ పొజిషన్ పోయి, మైకు వదలగానే తిరిగొస్తే కారణం ఇదే. చవక ఎల్‌ఈడీ దీపాలు, ఫోన్ ఛార్జర్లు కూడా ఇలాంటి రొద చేస్తాయి. ఒక్కొక్కటీ ఆపి చూస్తే దొంగ దొరుకుతాడు.

ఎన్‌ఎంఈఏ 0183 అయితే యాంటెన్నా పంపే తీగను సెట్టు అందుకునే తీగకు కలపాలి, నేల (గ్రౌండ్) తీగ రెండింటికీ ఉమ్మడి. డేటా వేగం (బాడ్ రేటు) రెండు వైపులా ఒకటే ఉండాలి: పాత పద్ధతిలో 4800, వేగవంతమైనదైతే 38400. సెకనుకు పదిసార్లు పొజిషన్ ఇచ్చే రిసీవర్‌ను 4800 మీద పెడితే తీగ ఇరుకైపోయి డేటా సగంలో తెగుతుంది. తీగల రంగులు కంపెనీ కంపెనీకి మారతాయి, పక్కబోటులో చూసి కలపొద్దు.

ఎన్‌ఎంఈఏ 2000 అయితే వెన్నుకేబుల్ రెండు చివరలా 120 ఓముల టర్మినేటర్ (చివర పెట్టే రెసిస్టర్) ఉండాలి, కొమ్మ కేబుల్ 6 మీ. మించకూడదు. కరెంటు ఆపి, రెండు డేటా తీగల మధ్య మల్టీమీటరు పెడితే 60 ఓములు చూపాలి. 120 చూపితే ఒక టర్మినేటర్ లేనట్టు, 40 చూపితే మూడున్నట్టు.

అతుకులకు పూసే సిలికాన్‌లో కూడా తేడా ఉంది. పూసేటప్పుడు వెనిగర్ లాంటి పుల్లటి వాసన కొట్టేది రాగిని తినేస్తుంది. న్యూట్రల్ రకం వాడాలి. కేబుల్ లోపలికి వెళ్లే కన్నం ముందు ఒక వంపు కిందికి వేలాడనిస్తే, కేబుల్ వెంట జారిన నీరు ఆ వంపు దగ్గరే చుక్కలుగా రాలిపోతుంది.

అంతా అయ్యాక సెట్టింగుల్లో జీపీఎస్ మూలం ‘బయటిది’ అని మార్చాలి. ఇది మరిచిపోయి వారాల పాటు లోపలి యాంటెన్నాతోనే నడిపే బోట్లు తక్కువేం కాదు. ‘ఆటో’లో వదిలితే కొన్ని సెట్లు ఒకసారి దీన్ని, ఒకసారి దాన్ని తీసుకుంటాయి. అప్పుడు మార్కులు రెండు యాంటెన్నాల మధ్య దూరమంత పక్కకు దూకుతుంటాయి.

కొనే ముందు ఒడ్డు మీద పరీక్ష

దీనికి సముద్రంలోకి వెళ్లక్కర్లేదు. బోటును ఇసుక మీద తెరిపి చోట ఉంచి, సెట్టును చేత్తో పైకి పట్టుకుని పది నిమిషాలు ఆన్‌లో ఉంచాలి. ఉపగ్రహాల పేజీలో ఎన్నింటిని వాడుతోంది, హెచ్‌డీఓపీ ఎంత, సిగ్నల్ గీతలు ఎంత ఎత్తున్నాయి అని ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. అంకెలు చూపే సెట్లలో నెత్తి మీది ఉపగ్రహాల సిగ్నల్ అంకె 40 దాటితే బలంగా ఉన్నట్టు. 30 దగ్గర బలహీనం, 25 కింద ఉన్నవి లెక్కలోకి రావు. తర్వాత సెట్టును దాని చోట బిగించి, కప్పు వేసి, తడిపట్టా కప్పి, మనుషుల్ని మామూలుగా నిలబెట్టి మళ్లీ ఫొటో. ఆఖరికి ఇంజిను, దీపాలు, ఛార్జరు ఆన్ చేసి, వీహెచ్‌ఎఫ్‌లో మాట్లాడుతూ మూడో ఫొటో.

మొదటికీ రెండోదానికీ మధ్య అన్ని గీతలూ 10 మేర తగ్గితే కప్పు అడ్డు. ఒక పక్కవి మాత్రమే పడితే అటు వైపు ఏదో ఉంది, జరిపితే సరి. రెండోదానికీ మూడోదానికీ మధ్య పడితే అది కరెంటు రొద. అది యాంటెన్నా పక్కనే ఉంటే బయటి యాంటెన్నా కొన్నా వెంట వస్తుంది. మూడు ఫొటోలూ ఒకలాగే ఉండి 8 ఉపగ్రహాలు, 1.5 లోపు హెచ్‌డీఓపీ కనిపిస్తుంటే లోపలిదే చాలు.

ఇంకో పరీక్ష కూడా చేయొచ్చు. ట్రాక్ ఆన్ చేసి, మ్యాపును బాగా పెద్దది చేసి, కదలకుండా అరగంట వదిలేయాలి. గీత ఒక గుట్టగా పేరుకుంటుంది. ఆ గుట్ట వెడల్పే ఆ చోట ఆ సెట్టు చేసే అసలు తప్పు. డబ్బా మీద రాసిన అంకె కన్నా అదే నమ్మదగ్గది.

యాంటెన్నా మీద వేసే నిందలు

స్టార్టరు నొక్కగానే సెట్టు ఆగి మళ్లీ మొదలై ఉపగ్రహాలు వెతుక్కోవడం బ్యాటరీ లోపం. వోల్టేజి 10 కిందికి పడుతోంది. సెట్టుకు వేరే చిన్న బ్యాటరీ పెడితే పోతుంది.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధం తర్వాత మొదటి రోజు సెట్టు ఆలస్యంగా పొజిషన్ ఇస్తే కంగారుపడక్కర్లేదు. అటకెక్కించిన సెట్టులో ఉపగ్రహాల పట్టిక పాతబడి ఉంటుంది. పూర్తి పట్టిక ఉపగ్రహం నుంచి దిగడానికి 12.5 నిమిషాలు పడుతుంది. ముందు రోజు సాయంత్రం ఇంటి డాబా మీద పావుగంట ఆన్‌లో ఉంచితే సరిపోతుంది. రోజూ ఇలాగే ఆలస్యమవుతుంటే మాత్రం లోపలి చిన్న బ్యాకప్ బ్యాటరీ చచ్చినట్టు.

మార్చి-ఏప్రిల్, సెప్టెంబరు-అక్టోబరు నెలల్లో చీకటి పడ్డాక అర్ధరాత్రి దాకా కొన్ని రాత్రులు పొజిషన్ అల్లాడటం ఈ తీరానికి మామూలే. అయస్కాంత భూమధ్యరేఖ భారతదేశపు దక్షిణ కొసకు దగ్గరగా పోతుంది. సూర్యుడు ఉద్ధృతంగా ఉన్న ఏళ్లలో సూర్యాస్తమయం తర్వాత పై వాతావరణపు అయనోస్ఫియర్ నురగలా పగిలి, సిగ్నల్ మినుకుమినుకుమంటుంది. బయటి యాంటెన్నా దీన్ని ఆపలేదు. రెండు పౌనఃపున్యాలు అందుకునే కొత్త రిసీవర్లు కొంత తట్టుకుంటాయి. మరుసటి ఉదయానికి అన్నీ సర్దుకుంటే సెట్టును విప్పొద్దు.

పక్క బోటువాళ్లు ఫోన్‌లో చెప్పిన పాయింట్‌కు వెళ్తే అక్కడ ఏమీ లేకపోవడం చాలావరకు అంకెల పద్ధతి తేడా. 19 డిగ్రీల 15.500 నిమిషాలు అంటే 19 డిగ్రీల 15 నిమిషాల 30 సెకన్లు. దశాంశాన్ని సెకన్లనుకుని 15 నిమిషాల 50 సెకన్లుగా ఎక్కిస్తే 600 మీటర్లకు పైగా ఉత్తరానికి పోతారు. దశాంశంలో చివరి అంకె ఒకటి మారితే తేడా 1.85 మీ. మాత్రమే. పల్లె మొత్తం సెట్లను డిగ్రీలు, నిమిషాలు, మూడు దశాంశాల పద్ధతిలో, డబ్ల్యూజీఎస్-84 అనే మ్యాపు కొలతల పద్ధతిలో పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. నవంబరు 1 నుంచి మే 31 దాకా రుషికుల్యా నది మొగ దగ్గర తాబేళ్ల కోసం 20 కి.మీ. మేర వేట నిషేధించినప్పుడు, ఆ హద్దు పాయింట్లు ఎక్కించేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త కావాలి. 20 కి.మీ. అంటే 10.8 నాటికల్ మైళ్లు, హద్దుకు అర మైలు ముందే అలారం పెట్టుకోవడం మేలు.

సెకండ్‌హ్యాండ్ బయటి యాంటెన్నా చవగ్గా వస్తుంటే మొదట తేదీ చూడాలి. జీపీఎస్ వారాల లెక్క 1024 దాకా పోయి మళ్లీ సున్నాకు వస్తుంది, చివరిసారి అది 2019 ఏప్రిల్‌లో జరిగింది. సాఫ్ట్‌వేర్ మార్చని పాత రిసీవర్లు పొజిషన్ సరిగ్గానే ఇచ్చినా తేదీ దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి చూపుతాయి. దాంతో సెట్టులోని ఆటుపోట్ల పట్టిక, సూర్యోదయ సమయం తప్పవుతాయి. కొత్త సాఫ్ట్‌వేర్ దొరకని మోడలైతే ఎంత తక్కువకిచ్చినా ఆ బేరం వదిలేయాలి.